అమీర్ జాన్ చేతి తాడు

సీట్ల మీది ఉప్పుపొర తుడవాలి. పెట్టెలో ఐసు నింపాలి. పెట్రోలు పోయించాలి. లంగరు తాడు చుట్టాలి. సాయంత్రం లోపల ఈత నేర్చుకోవాలి.

చివరి పని ఒక్కటీ సిలాస్ పొద్దున్నుంచీ వాయిదా వేస్తున్నాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు, మాది గోదారొడ్డున నరసాపురం అనగానే ముదీర్, అంటే అక్కడి మేనేజరు, "అయితే ఈత వచ్చుగా" అన్నాడు. సిలాస్ తలూపాడు. ఆ తల ఊపుడు మీదే షార్జా వైపు ఖోర్ ఫక్కాన్ రేవులో షికారు పడవ మీద నాలుగేళ్లు నెట్టుకొచ్చాడు. రేపు పనివాళ్లందరికీ ఈత పరీక్ష. తప్పితే ఇంటికే.

సంగతి తెలిసింది పడవ నడిపే అమీర్ జాన్‌కొక్కడికే. నెల్లూరు వైపు మనిషి, తెల్లగడ్డం. సిలాస్ కమ్మీ పట్టుకున్న తీరు చూసి మొదటిరోజే కనిపెట్టాడు. "లైఫ్ జాకెట్ నువ్వేసుకో అబ్బయా, జనానికి నమూనా చూపించాల" అని, అప్పట్నుంచి దాన్ని ఒంటి మీద నుంచి తియ్యనివ్వలేదు.

ఆ రోజు పడవంతా ఒక ఇంగ్లీషు ముసలి జంటే అద్దెకి మాట్లాడుకున్నారు. తొందరొద్దన్నారు. వాళ్ల ఊరి నదిలో పొద్దస్తమానం పడవ మీద నింపాదిగా తిరిగేవారట, మధ్యలో ఆగి టీ కాచుకునేవారట. "అందులో పడితే లేచి నిలబడ్డమే" అని ఆవిడ నవ్వింది. సిలాస్ నీళ్లలోకి చూశాడు. అడుగు కనిపించలేదు.

మధ్యాహ్నం దీవి పక్కన లంగరేశారు. భోంచేసి ఆ ఇద్దరూ నీడలో నిద్రపోయారు.

"దిగు" అన్నాడు అమీర్ జాన్.

"వద్దు భాయ్. రేపు జొరమని చెప్పేస్తాను."

"గోదారోడివి, బిందెడు నీళ్లకి కూడా దణ్ణం పెట్టేటట్టుండావే! తాడు నా చేతిలో ఉండాదిలే, దిగు."

జాకెట్ విప్పించి, సిలాస్ నడుముకి తాడు కట్టి, రెండో కొస తన మణికట్టుకి ముడేసుకున్నాడు.

నిచ్చెన వదలగానే ముక్కులోకి నీళ్లు పోయాయి. తాడు లాగింది. తేలాడు. మళ్లీ మునిగాడు. మళ్లీ లాగింది. "కాళ్లు కొట్టరా!" కొట్టాడు. కాసేపటికి తాడు లాగడం మానేసింది.

"భాయ్, పట్టుకో! భాయ్!"

తాడు వదులుగానే తేలింది. చచ్చిపోతానన్న భయంతోనే కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ నిచ్చెన అందుకున్నాడు.

అమీర్ జాన్ అంచుకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు, గడ్డం గుండెల మీద వాలి. కునుకు పట్టిందనుకున్నాడు సిలాస్.

"వచ్చేశాను భాయ్, నేనే వచ్చాను" అని భుజం తట్టాడు. తాడున్న ఆయన చెయ్యి పక్కకి జారింది. ఊపిరి లేదు.

రేడియోలో పిలిస్తే ఇంకో పడవ వచ్చి లాక్కెళ్లింది. మర్నాటి పరీక్ష ఆగిపోయింది, ముదీర్ మళ్లీ ఈత మాట ఎత్తలేదు. సిలాస్‌కి భయమూ పోలేదు.

మీరెప్పుడైనా అటు వెళ్లి పడవెక్కితే అమీర్ జాన్‌ని ఒక్కసారి తలుచుకోండి. స్టీరింగు పక్క కొక్కేనికి ఆ తాడు ఇంకా వేలాడుతూనే ఉంది, కొసన ఆయన మణికట్టంత ఉచ్చుముడి, ఎవరూ విప్పనిది.