తొలి నీళ్ళు

పిల్లికూన నలక పొట్ట మీద తడి దూదితో మెల్లగా రాస్తోంది ఆమె. తల్లి నాకితే తప్ప ఈ ఈడు పిల్లి పిల్లలకు ఒంటేలు రాదు. తల్లి లేదు కాబట్టి దూదే నాలుక. వెనక బల్ల మీద ఇస్త్రీపెట్టె కాగుతోంది, ఎవరిదో చొక్కా సగం మడతలో ఆగిపోయి ఉంది. తొట్టిలో మిగతా రెండూ, పెద్దోడూ గీతలదీ, ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటున్నాయి. నలక అరవదు. అది అరవకపోవడమే ఆమె భయం.

వీధిలో అందరూ ఆమెను లాండ్రీ అక్క అంటారు. ముందు గది కొట్టు, వెనక గది కాపురం, పెరట్లో బకెట్లూ దండేలూ. భర్త పోయాక అత్తా తానూ మిగిలారు. దిక్కులేని పిల్లి పిల్లలు దొరికితే జంతు సంరక్షణ కేంద్రం వాళ్ళు ఆమె దగ్గర పెడుతుంటారు. ఇస్త్రీ చేసే ఇల్లు వెచ్చగా ఉంటుందని మొదటిసారి తెచ్చారు, తర్వాత అదే వాడుకైపోయింది. కాస్త పెరిగాక వచ్చి తీసుకుపోతారు. అప్పుడామె తొట్టి కడిగి ఎండకు బోర్లిస్తుంది.

ఆ పొద్దున కేంద్రం ఆవిడ ఒక సంచి తెచ్చింది. అందులో మాసి అట్టకట్టిన దుప్పటి ముక్క.

"అక్కా, మా దగ్గర ఓ తల్లి పిల్లి ఉంది. దాని పిల్లలు పోయాయి, పాలింకా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఈ ముక్క మీదే పడుకుంది. దీన్ని వీటి కింద వేసి ఉంచు. సాయంత్రం తల్లిని తెస్తాను. తన వాసన ఉంటే తన పిల్లలే అనుకుంటుంది."

"లేకపోతే?"

ఆవిడ నలకను అరచేతిలోకి తీసుకుంది. "ఆ రెండూ సీసా పాలతో బతికేస్తాయి. ఇదే, సీసా పట్టడంలేదుగా."

కిటికీ పక్క కుర్చీలో ఉన్న అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈ కంపు పట్టాక తల్లి రానిస్తుందేమోగానీ, మనల్ని ఎవరూ గడప తొక్కనివ్వరమ్మా."

"నువ్వెక్కడికీ వెళ్ళవుగా పెద్దమ్మా," అంది ఆవిడ.

"వెళ్ళననేగా మీ ధైర్యం."

గుడ్డ తొట్టిలో పరిచారు. పిల్లలు ముక్కులు ఆనించి సద్దుమణిగాయి. నలక కూడా ఒకసారి తలెత్తింది. అది చూశాక ఆమె మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది.

మధ్యాహ్నానికి కొట్టు మీద జనం పడ్డారు. అప్పుడే నలక కింద తడిసింది. ఒళ్ళు చల్లబడితే ఇంక ఆశ ఉండదు. ఆమె మూడింటినీ అరలోంచి తీసిన శుభ్రమైన తువ్వాలు మీదికి మార్చి, వేడినీళ్ళ సీసా పక్కన పెట్టింది. గుడ్డను తిరగేసి వేద్దామని కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

"అక్కా, నా ప్యాంటు. బస్సు పోతుంది," అన్నాడొకాయన.

ప్యాంటు ఇచ్చింది. ఇంకొకరి మూట విప్పింది. నలక నోటికి చుక్కపాలు పెడితే పెదవి చివర్నుంచి జారిపోయాయి. మళ్ళీ పెడితే మళ్ళీ జారాయి. దాని ఊపిరి గురించే అనుకుంటూ కింద ఉన్న మాసిన బట్టలు ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. మరీ మాసినదాన్ని వేరుచేసి చిన్న బకెట్లో ఉత్త నీళ్ళలో తొక్కడం, తీసి సబ్బు పెట్టడం, జాడించడం, పిండి ఆరేయడం. పెళ్ళైన నాటి నుంచీ చేస్తున్న పని. చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. తొలి నీళ్ళు పారబోయదు, సాయంత్రం తూము కడగడానికి పక్కన ఉంచుతుంది.

లోపలికొచ్చి తొట్టి దగ్గర కూర్చుని గుడ్డ కోసం చెయ్యి చాపింది. లేదు. బల్ల కింద చూసింది. అత్త కుర్చీ వెనక చూసింది. అప్పుడు వెనక తలుపులోంచి దండెం కనబడింది. దాని మీద ఆ దుప్పటి ముక్క, తెల్లగా, గాలికి ఊగుతూ.



అత్త కూడా అటే చూసింది. చాలాసేపు చూసి, గొంతు పెంచకుండానే అంది:

"నా కొడుకు చొక్కా కూడా ఇట్లాగే ఉతికేశావు."

అతను పోయిన మర్నాడు, కొక్కేనికి వేలాడుతున్న చొక్కా ఆమె చేతుల్లో పడి మిగతా బట్టలతో కలిసిపోయింది. ఇస్త్రీ చేసి, మడత పెట్టి, తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టింది. ముసలామె దాన్ని మొహానికి ఆనించుకుంది. గంజి వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు మాట అనలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు.

కోడలు ఫోన్ తీసి కేంద్రం ఆవిడకు చెప్పింది.

"ఉతికేశావా?" అంది ఆవిడ. "ఇంకో గుడ్డ లేదక్కా. బోను కూడా కడిగించేశాను. తల్లికి పాలు తగ్గిపోతున్నాయి, రేపటిదాకా ఆగలేం. తెస్తాను, చూద్దాం."

సాయంత్రం బోను తెచ్చి గది మధ్యలో పెట్టి తలుపు తీశారు. బూడిదరంగు పిల్లి, కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. ముందు పెద్దోణ్ణి చూపించారు. అది ఒక్కసారి వాసన చూసి, చెవులు వెనక్కి అణిచి, బుస్సుమంది. పంజా విసిరితే లాండ్రీ అక్క మణికట్టు గీరుకుని నెత్తురొచ్చింది.

"సబ్బు," అంది ఆవిడ నెమ్మదిగా. "మొత్తం సబ్బు వాసనే అక్కా."

నలక తువ్వాలులో మెత్తగా, వాలిపోయి ఉంది. ఆమె దాన్ని అత్త ఒళ్ళో పెట్టి, నెత్తురు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. గాయం కడుక్కుంది. అలవాటు కొద్దీ చిన్న బకెట్ ఎత్తి తూము మీదికి వంచబోయింది.

కంపు కొట్టింది. పొద్దుటి కంపే.

చేతులు ఆగిపోయాయి. ఆమె బకెట్ను రెండు చేతులతో పట్టుకుని, చుక్క తొణక్కుండా లోపలికి తెచ్చింది.

"అదేంటక్కా?"

ఆమె పాత పీలిక ముంచి, నీటిచుక్క మిగలకుండా పిండింది. పెద్దోడి ఒళ్ళంతా తుడిచింది. తర్వాత గీతలదాన్ని. నలకను మాత్రం ఇస్త్రీపెట్టె సెగకు దగ్గరగా పెట్టుకుని, తల, వీపు, తోక కింద, చొక్కా కాలరుకు ఇస్త్రీ చేసినంత శ్రద్ధగా, ఒక్కొక్క చోటే అద్దింది. తన చేతులకూ పూసుకుంది.

పిల్లి మళ్ళీ పెద్దోణ్ణి వాసన చూసింది. చెవులు వెనక్కే ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. బయట ఎవరో "అక్కా" అని పిలిచి, జవాబు లేక వెళ్ళిపోయారు. పిల్లి ముక్కు పిల్ల మెడ మీద ఆగింది. తర్వాత నాలుక బయటికొచ్చింది.

పెద్దోడూ గీతలదీ తోసుకుంటూ పొట్ట కిందికి దూరాయి. ఆమె నలకను చివర్న పెట్టింది. పిల్లి దాన్ని పొర్లించి పొర్లించి నాకింది. నోరు రొమ్ము దగ్గరికి చేరింది, జారింది, మళ్ళీ చేరింది. లాండ్రీ అక్క నేల మీదికి వంగి దాని గొంతే చూస్తోంది.

"తాగుతోందా?" అంది అత్త.

గొంతు కదిలింది. ఆగి, మళ్ళీ కదిలింది.

"తాగుతోంది అత్తయ్యా."

పొద్దు గుంకకముందే తల్లినీ మూడు పిల్లల్నీ బోనులో పెట్టి తలుపు మూశారు. కేంద్రం ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "వచ్చి చూసిపో అక్కా," అంది. ఆమె తలూపింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడింది. లోపలికొచ్చి తొట్టి కడిగి బోర్లించింది. దండెం మీది గుడ్డ తీసి, ఇస్త్రీ చేసి, మడత పెట్టింది.

అత్త కిటికీలోంచి బయటికే చూస్తూ అంది, "ఆ రోజు చొక్కా నానబెట్టిన నీళ్ళు కూడా ఉంచి ఉంటే బాగుండేదే అమ్మాయ్."

కోడలు వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. అత్త చెయ్యి ఆమె తల మీద పడింది, అక్కడే ఉండిపోయింది.

తూము కడగలేదు. చిన్న బకెట్ ఇద్దరి మధ్యా అలాగే ఉంది. మురికి నీళ్ళ మీద బూడిదరంగు వెంట్రుకలు నాలుగు మెల్లగా తిరుగుతున్నాయి.