ఒక్క సారు, నాలుగు గదులు

అశోక్‌నగర్‌లో కరెంటు స్తంభాల కన్నా నవ్వు ముఖాలు ఎక్కువ. ప్రతి కోచింగ్ సెంటరు యజమానీ తన ఫ్లెక్సీ మీద నుంచి, దేశానికి కలెక్టర్లను కన్నది తానేనన్నట్టు నవ్వుతుంటాడు. అందరిలోకీ పెద్ద నవ్వు విద్యాసాగర్ గారిది. ఆ నవ్వు కింద, ఆయన సెంటరు రిసెప్షన్లో, రేణుక పొద్దుటి నుంచి కూర్చుని ఉంది.

బాటనీలో ఎమ్మెస్సీ చేసిన పిల్ల. నారాయణగూడలో ఒక సెంటరు వాళ్ళు ఉద్యోగం కోసం ఆమె చెప్పిన డెమో క్లాసు విని, "మేడం, మీరు చెప్పేది కరెక్టే గానీ వినవడ్తలేదు" అని పంపించేశారు. చిక్కడపల్లిలో ఇంకొకరు వినకుండానే పంపారు. ఇక్కడ కూడా కాదంటే కాచిగూడలో రైలెక్కి ఊరికి పోవడమే. హాస్టల్లో బ్యాగు సర్ది పెట్టే వచ్చింది.

ఎదురుచూడటం ఆమెకు కొత్తేం కాదు. చూస్తూ కూర్చుంది.

ఒక తల్లి కొడుకును చేర్పించడానికి వచ్చింది. రిసెప్షన్లో ఉండే స్నేహలత గొంతు సవరించింది. వెంటనే విద్యాసాగర్ గారు మాటలకు తేనె పూసుకుని బయటికొచ్చారు. "అమ్మా, మీ కొడుకు ఇప్పటిసంది నా కొడుకు." ఆమె అటు వెళ్ళగానే స్టాఫ్ రూంలోకి తొంగి చూశారు. అక్కడ అకౌంటెంటు రాజేశం ఫోన్ చూసుకుంటున్నాడు. "ఏసీ ఎవడు వేసిండ్రా? మీ తాత జాగీరా?" అంతలో బిల్డింగు ఓనరు మెట్లెక్కి వచ్చాడు. రాజేశం "సార్, ఓనర్ సాబ్" అన్నాడో లేదో, సారు నడుము దానంతటదే వంగింది. "అన్నా, కిరాయి ముచ్చట తర్వాత. జర చాయ్ తాగుండ్రి." ఆ తర్వాత క్లాసులోకి వెళ్ళి, గోడలు అదిరేలా రాజ్యాంగం చెప్పారు.

మనిషి ఒక్కడే. చొక్కా కూడా మారలేదు.

చివరికి రేణుక డెమో వంతు వచ్చింది. "మొక్కలల్ల డీఎన్ఏ మిథైలేషన్," అన్నారు సారు. "జల్ది అయిపోవాలె, పిల్లలు నవ్వాలె, ఒక షార్ట్‌కట్ గుర్తుండాలె. సైన్స్ ఎంతుండాల్నో నువ్వే చూస్కో." క్లాసులోకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు.

రేణుక మొదలుపెట్టింది. మొక్కలో ఆకుకైనా, పువ్వుకైనా, వేరుకైనా డీఎన్ఏ ఒక్కటే. కానీ దాని మీద అక్కడక్కడ మిథైల్ అనే చిన్న గుర్తులు అంటుకుంటాయి. గుర్తు పడ్డ చోట జీన్ చాలాసార్లు నోరు మూసుకుంటుంది. ఆ గుర్తులు ఆకులో ఒక చోట పడితే పువ్వులో ఇంకో చోట పడతాయి.

క్లాసంతా గోడ గడియారం చూస్తోంది. సారు కూడా.

"అక్కా," అని ముందు బెంచీ ఓదెలు లేచాడు. ఏ పరీక్ష ఆన్సర్ కీ వచ్చినా మొదటి అభ్యంతరం అతనిదే. "డీఎన్ఏ ఒక్కటే అయితే గుర్తులు తీరుతీరుగ ఎందుకు పడ్తయ్? సమజ్ అయితలేదు."

రేణుకకు హాస్టల్లో సర్ది పెట్టిన బ్యాగు గుర్తొచ్చింది. ఏదో ఒకటి చెప్పాలి. పొద్దుటి నుంచి చూసిందే నోటికొచ్చింది.

"మన సార్ ఒక్కరే గదా. రిసెప్షన్ల సార్‌కు కోపం జీన్ బంద్ ఉంటది. స్టాఫ్ రూంల తియ్యటి మాటల జీన్ బంద్. ఓనర్ ముందట గొంతు జీనే బంద్. ఏడ ఏది బంద్ చెయ్యాల్నో సార్ ఒక్కరే అనుకుంటే కాదు, పక్కన సైగ చేసెటోళ్ళుంటరు. రిసెప్షన్ల స్నేహలతక్క, ఓనర్ వస్తే రాజేశం సార్. మొక్కల గూడ గంతే. గుర్తు పెట్టే ఎంజైమ్ ఒక్కటే ఉన్నా, దాన్ని తోలుకపోయే ప్రొటీన్లు ఆకుల వేరే, పువ్వుల వేరే. ఇంకో ముచ్చట, కొన్ని తావుల్ల డీఎన్ఏల ఉన్న అక్షరాలే 'ఇటు రా' అని పిలుస్తయట."

క్లాసు పగలబడి నవ్వింది. గొంతు వినపడలేదని ఒక్కరూ అనలేదు.

ఓదెలు మాత్రం కూర్చోలేదు. "మరి సార్ రాసిన బుక్కుల, అన్ని భాగాలల్ల మిథైలేషన్ ఒక్కతీరే ఉంటదని ఉన్నది గదక్కా?"

నవ్వులు ఆగిపోయాయి. అవునంటే ఉద్యోగం. కాదంటే కాచిగూడ. రేణుక సుద్దముక్కను అటూ ఇటూ తిప్పింది.

"బుక్కుల తప్పున్నది," అంది.

విద్యాసాగర్ గారు లేచారు. వెనక బెంచీ నుంచి బోర్డు దాకా వస్తుండగానే స్టాఫ్ రూం ముఖం పోయి క్లాసు ముఖం వచ్చేసింది. "చూసిన్రా! కావాల్ననే పెట్టిన ఆ తప్పు. ఎవరు పట్టుకుంటరో చూద్దామని!" పిల్లలు చప్పట్లు కొట్టారు. మూడు ఎడిషన్ల నుంచీ ఆయన ఇంత ఓపిగ్గా చూస్తున్నారని పాపం ఎవరికి తెలుసు?

తర్వాత రేణుకను తన గదిలోకి పిలిచారు. తలుపు వేశారు.

"సోమవారం సంది రా. కొత్త ఎడిషన్ నువ్వే దిద్దు. పేరు నాదే ఉంటది. ఆ ఉదాహరణ మాత్రం మళ్ళ చెప్పొద్దు."

"బుక్కుల రాయను సార్," అంది రేణుక నెమ్మదిగా. "క్లాసుల మాత్రం చెప్త. అది లేకుంటే పిల్లలకు సమజ్ కాదు."

ఈ గదిలో ఆయనకు ఎదురు చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. ముఖం కోపం వైపు కొంత, నవ్వు వైపు కొంత పోయి మధ్యలో ఆగిపోయింది. దిక్కుతోచక తలుపు వైపు చూశారు.

స్నేహలత తలుపు తీసి తల లోపలికి పెట్టింది. గొంతు సవరించింది. "సార్, కొత్త మేడం క్లాస్ ఎప్పుడని బ్యాచ్ మొత్తం నిలవడ్డరు."

"అమ్మా రేణుకా," అన్నారు విద్యాసాగర్ గారు, నిండా తేనెతో, "చాయ్ తాగుతవా?"