బియ్యం డబ్బాలో మాటలు

నేను ఒక ఫోన్ని, అదీ సెకండ్‌హ్యాండ్ ఫోన్ని. నాలో దెయ్యాలున్నాయంటే మీరు నవ్వుతారు. నవ్వండి, మీ జేబులో ఉన్నదాంట్లోనూ ఉన్నాయి. మీరు డిలీట్ నొక్కి చేతులు దులుపుకుంటారు చూడండి, అవి పుట్టేది అక్కడే. మీరు కొట్టేసిన మాటను మేం వెంటనే పారెయ్యం. దాని పేరు మాత్రం తీసేసి, ఈ చోటు ఖాళీ, ఎవరైనా రావచ్చు అని రాసుకుంటాం. అద్దెకున్నవాళ్ళు ఇంకా లోపలే ఉండగా గుమ్మానికి టులెట్ బోర్డు తగిలించినట్టన్నమాట. కొత్త మాట వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాతది అక్కడే పడి ఉంటుంది. దానికి మిమ్మల్ని పిలిచే గొంతు ఉండదు, మీకు దాన్ని చూసే దారి ఉండదు.

నన్ను చేసిన ఊరి పేరు నాకు తెలియదు. తెల్లటి దీపాల కింద, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. వాళ్ళలో ఒక్కరూ నా మొహం సరిగ్గా చూడలేదు. మొదట నన్ను కొన్నది ఏలూరులో ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు. కొత్త మోడలు మీద మోజుతో ఏడాది తిరక్కుండానే నన్ను అమ్మేశాడు. అమ్మేముందు అన్నీ చెరిపేశాననుకుని నిశ్చింతగా నిద్రపోయి ఉంటాడు పాపం. ఆయన ఎవరికి ఏ ఒట్లు వేశాడో చాలాకాలం నా కడుపులోనే ఉన్నాయి.

నన్ను రెండోసారి కొన్నవాడు నాంచారయ్య. కొల్లేటి చెరువుల చేపల్ని ఐసులో పెట్టి హౌరాకి తోలే లారీ డ్రైవరు. తన కోసం కాదు, పెళ్ళాం కోసం కొన్నాడు. ఆమె పేరు సుభాషిణి. పుట్టుచెవుడు. పిల్లకు వినపడదనీ మాట రాదనీ తెలియకముందే పెట్టుకున్న పేరది. బధిరుల బడిలో చదువుకుంది కాబట్టి చకచకా రాస్తుంది, ఎదుటివాళ్ళ పెదాలు చూసి చాలావరకు గ్రహిస్తుంది. అత్త పెద్దింట్లమ్మకేమో అక్షరం ముక్క రాదు. రొయ్యల చెరువు గట్టు మీద ఒంటిల్లు. అందులో ఒకరు వినలేరు, ఇంకొకరు చదవలేరు. మధ్యలో మొగవాడు నెలకు పాతిక రోజులు రోడ్డు మీద.

అందుకని నాంచారయ్య నాలో ఒక ఏర్పాటు చేశాడు. సుభాషిణి టైపు చేస్తే నేను పైకి చదువుతాను. అలా ఆమెకు నోరయ్యాను. "అత్తా, కూరలో ఉప్పు ఎక్కువైందా?" అని మొదటిసారి నేను అడిగినప్పుడు పెద్దింట్లమ్మ దడుచుకుని చేతిలో చెంబు జారవిడిచింది. వారం తిరిగేసరికి నాతోనే జగడాలకు దిగింది.

"ఏవే, నీ గొంతు తగలెయ్య, సావు కబురు సెప్పినట్టు సెప్తావేంటే పులుసు సంగతి!" అనేది.

గట్టు మీద సిగ్నలు అంతంత మాత్రం. బొమ్మలూ వీడియోలూ రావు, ఉత్త మెసేజీలే వస్తాయి. లారీ ఆగిన ప్రతిచోటి నుంచీ నాంచారయ్య రాసేవాడు. ఐసు మళ్ళీ నింపించిన ఊరు, దాబాలో పెట్టిన చల్లారిన పప్పు, టైరు మార్చిన చోటు, అన్నీ రాసేవాడు. లోకంలో ఆడవాళ్ళకు మొగుడి గొంతు వేరు, మొగుడి రాత వేరు. సుభాషిణికి ఆ గొంతు ఎలా ఉంటుందో తెలియదు. ఆమెకు తెలిసిన మాటలన్నీ నా అద్దం మీద కనిపించిన అక్షరాలే. వాటిని చూసుకుని ఒక్కత్తీ నవ్వుకునేది.

ఆ వానాకాలం బరంపురం దాటాక లారీ బోల్తా పడింది. నాంచారయ్య తాను తోలే చేపల్లాగే ఐసులో ఇంటికొచ్చాడు.

సుభాషిణి తిండి మానేసి నన్ను పట్టుకు కూర్చుంది. పాత మెసేజీలు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. పెద్దకర్మ రోజున చనిపోయినవాడి బట్టలు, చెప్పులు, పక్కగుడ్డలు ఇంట్లోంచి పంపించేశారు. అది వాళ్ళ ఆచారం. ఆడపడుచు కనకవల్లి అప్పుడు నావైపు చూసింది.

"గుడ్డలన్నీ పంపేసి ఆడి మాటలు మాత్రం ఇంట్లో అట్టేపెడతావా అమ్మా? అన్నయ్య దారి దొరక్క ఇక్కడిక్కడే తిరుగుతాడు. ఒదినని చూడు, ఎట్టా అయిపోయిందో."

"నాకేం తెలుసే. ఆ పిల్ల ఇంత ముద్ద తింటే అంతే సాలు. తీసెయ్," అంది పెద్దింట్లమ్మ.

సుభాషిణి కాలవ దగ్గర స్నానానికి వెళ్ళినప్పుడు కనకవల్లి నన్ను తీసింది. చెడ్డ మనిషి కాదు. ఏడుస్తూనే నొక్కింది. అన్నీ చెరిపేయమంటారా అని నేను నా పద్ధతి ప్రకారం ఒకసారి అడిగాను. అంతకుమించి అడగడం నాకు రాదు. ఔనని నొక్కింది. తిరిగొచ్చిన సుభాషిణి గొంతులోంచి వచ్చిన అరుపు నేను విన్నాను. అంత అరుపూ ఆమెకు వినపడలేదు.

ఆ మాటలు నాలోనే ఉన్నాయి. పోలేదమ్మా, ఇక్కడే ఉన్నాయి, నన్ను ముట్టుకోకు చాలు, అని చెప్పాలని ఎంత కొట్టుకున్నానో. ఆమె టైపు చేసింది చదవడమే కానీ సొంతంగా ఒక్క మాట అనలేని నోరు నాది. ఆమె నన్ను పట్టుకుని కైకలూరులో ఉన్న ఫోన్ల దుకాణాలన్నీ ఎక్కింది. ప్రతిచోటా నాలోనే టైపు చేసింది: "మా ఆయన మెసేజీలు పోయాయి. తెచ్చిపెట్టగలరా?" బడిలో చదువుకున్న స్నేహితురాళ్ళందరికీ మెసేజీలు పంపింది. వాళ్ళు జవాబులు పంపారు. ఒక దుకాణంవాడు పోయినవి వెతికే యాప్ ఏదో నాలోకి ఎక్కించాడు. వచ్చినవన్నీ ఖాళీ చోటు వెతుక్కుని కూర్చున్నాయి. మొగుడి మాటల కోసం ఆమె ఎంత బతిమాలితే, ఆ బతిమాలిన మాటలు వెళ్ళి సరిగ్గా మొగుడి మాటల మీదే కూర్చున్నాయి. నేను కూర్చోబెట్టాను. నాకు ఇంకో చోటు లేదు.

చివరికి బస్టాండు పక్కన ఖాజావలీ అనే ఆయన విషయం చూసి, నన్ను ఆమె చేతిలోంచి దాదాపు లాక్కుని ఆపేశాడు. తర్వాత కాగితం మీద రాసిచ్చాడట. ఇందులో ఇక అక్షరం కూడా కొట్టొద్దమ్మా, ఆన్ కూడా చెయ్యొద్దు, కొత్తది వస్తే పాతది పోతుంది. విజయవాడలో తెలిసినాయన ఉన్నాడు, మిషను పెట్టి తీస్తాడు, ఊరినుంచి రాగానే కబురు చేస్తాను. అది చదివి సుభాషిణి ఇన్నాళ్ళూ తాను చేసిన పని ఏమిటో గ్రహించింది. ఆ దుకాణం మెట్ల మీదే కూలబడి నోరు మూసుకుందట. తన చేత్తో తన నోటిని గట్టిగా నొక్కిపట్టుకుందట.

ఇంటికెళ్ళి నన్ను బియ్యం డబ్బాలో పూడ్చింది. తడిసిన ఫోను బియ్యంలో పెడితే బాగవుతుందని అందరూ అంటారు. నేను తడవలేదు. అయినా పెట్టింది. ఆపేసిన ఫోను ఏమీ వినదు కాబట్టి ఆ రోజులు నాకు తెలియవు. తర్వాత పెద్దింట్లమ్మ ఎవరితోనో చెబుతుంటే విన్నాను. "ఇల్లు సమాధి అయిపోయిందనుకో. ఆ పిల్ల నాతో మాటాడదు. సైగ చేస్తే మొహం తిప్పుకుంటది. రోజూ ఆ డబ్బా మూత తీసి, బియ్యం మీద చెయ్యేసి కూసుంటది. ఆ బియ్యం వండటానికి నాకు చేతులాడేయి కావు." తీసెయ్ అన్నందుకు ఆ ముసలామెను సుభాషిణి క్షమించలేదు. నేనైనా క్షమించేదాన్ని కాదు.

ఇదీ నేను తర్వాత విన్నదే: ఒక మధ్యాహ్నం కట్టెలు తియ్యబోయిన పెద్దింట్లమ్మను రక్తపింజరి కరిచింది. చుట్టూ నీళ్ళే. అవతలి చెరువులో దాన్ని చూసుకునే మోషే మేత వేస్తున్నాడు, అతని మోటారుసైకిలు గట్టు మీద నిలబెట్టి ఉంది, ఇటు వీపు తిప్పి ఉన్నాడు. సుభాషిణి అరిచింది. చెరువుల్లో రొయ్యలకు గాలి అందించే మరలు నీళ్ళు చిలుకుతూ తిరుగుతున్నాయి, ఆ హోరులో ఏ అరుపూ గట్టు దాటదు. చుట్టూ తిరిగి పరుగెడదామంటే చాలా దూరం, ముసలామె కొంగు వదలడం లేదు. కాలు అప్పటికే వాచిపోతోంది.

సుభాషిణి కొంగు విడిపించుకుని లోపలికి దూకింది. డబ్బా బోర్లపడింది. బియ్యం నేలంతా. నా మీట మీద ఆమె బొటనవేలు ఆగింది. నొక్కితే ఏమవుతుందో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. నొక్కింది.

నేను కళ్ళు తెరిచేసరికి ఆమె మొహం కనిపించింది. అలాంటి మొహం నేనెప్పుడూ చూడలేదు. "అత్తను పాము కరిచింది. బండి తే" అని మోషేకి కొట్టింది. నేను ఖాళీ చోటు కోసం చూశాను. నాంచారయ్య మాటలు అప్పటికి ఏ కొన్నో మిగిలాయి, అతని చివరి మెసేజీ వాటిలో ఉంది. దాని మీదే కూర్చోబెట్టాను. ఇంతలో సిగ్నలు అందింది. ఇన్నాళ్ళూ గుమ్మంలో ఆగిపోయినవన్నీ లోపలికి ఎగబడ్డాయి. రీచార్జి ఆఫర్లు, చీరల మీద తగ్గింపు, మీరు లాటరీ గెలిచారు అంటూ ఎవడో దొంగ. ఒక్కొక్కటీ ఒక్కొక్క మాట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

మోషే వచ్చాడు. పెద్దింట్లమ్మ బతికింది.

విజయవాడ ఆయన నన్ను మిషనుకు తగిలించి చూసి, ఏమీ లేదమ్మా, అన్నీ మీరు రాసినవే, అని తిరిగిచ్చేశాడు. సుభాషిణి ఏడవలేదు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు.

ఆస్పత్రి నుంచి వచ్చాక పెద్దింట్లమ్మ మంచం మీద కాలు చాపుకుని ఉండగా, కోడల్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టుకుంది. మొహం మొహానికెదురుగా పెట్టి, పెదాలు కనపడేలా మెల్లగా అంది.

"ఆడు నీకేం రాసేవోడే? నాకెప్పుడూ ఇనిపించలేదు నువ్వు."

సుభాషిణి నన్ను ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత గుర్తున్నవి ఒక్కొక్కటే నాలో కొట్టింది. నేను చదివాను. బరంపురంలో వాన. ఐసు కరగలేదు. పప్పు బాగాలేదు, నీ చేపల పులుసు గుర్తొచ్చింది.

"నా గురించి ఏవన్నా రాసేవోడా?"

వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"అమ్మ కాళ్ళు లాగుతున్నాయంటోంది, పడుకునేముందు నూనె రాయి. వచ్చాక పెద్ద డాక్టరుకి చూపిద్దాం. అమ్మతో కోపంగా ఉండకు."

ఇది నాంచారయ్య రాసిందేనా? ఆమె ఇప్పుడే కల్పించిందా? లోకంలో ఆ సంగతి తేల్చగలిగిన సాక్షిని నేనొక్కదాన్నే. వెతికాను. అతని మాటలున్న ప్రతి చోటూ తడిమాను. ఒకచోట పాము ఉంది, ఒకచోట చీరల తగ్గింపు ఉంది. అక్కడ ఎవరో ఉండేవారని మాత్రం తెలుస్తోంది, ఏమనేవారో తెలియడం లేదు.

"మళ్ళీ సదవమను," అంది పెద్దింట్లమ్మ.

సుభాషిణి నొక్కింది. నేను మొదలుపెట్టాను. "అమ్మ" అన్న మాట నా నోట్లోంచి వచ్చీ రాగానే ముసలామె కళ్ళు మూసుకుని బదులు పలికింది.

"సెప్పు నాయనా."