జిప్‌లో నాలుగో ఫైలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్కన, రెండో అంతస్తులో ఉన్న ఆ కోచింగ్ సెంటర్‌లో అన్నీ అక్షరక్రమంలోనే జరుగుతాయి. హాజరు, వైవా, చివరికి సమోసాల పంపకం కూడా. అందుకే అభిరామ్ ఎప్పుడూ ముందు, జోస్నా వెనక. ఇందులో తప్పేముందని మీరనొచ్చు. జోస్నాను అడగండి.

అక్కడ ఇంకో నియమం ఉంది. యాప్‌లు రాయడం నేర్పే విశ్వేశ్వరరావు సార్, సాయంత్రానికల్లా ఎవరి ప్రాజెక్టు వాళ్లు అందరికీ కనబడే ఒకే ఫోల్డర్‌లో పెట్టాలంటారు. జోస్నా బుద్ధిగా పెట్టేది. అభిరామ్ అంతకంటే బుద్ధిగా తీసుకునేవాడు. పైన పేరు మార్చి, ఆకుపచ్చ బటన్‌ని నీలం చేసి, పొద్దున్నే అందరికంటే ముందు చూపించేసేవాడు. తర్వాత జోస్నా లేచి తనది చూపిస్తే సార్ నిట్టూర్చేవారు, "ఏమ్మా, పక్కవాడిది చూసి రాస్తే ఎలా?" అని. ఇలా రెండుసార్లయింది. మొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది, రెండోసారి ఒళ్లు మండింది.

ఇప్పుడు మూడోది, ఆఖరిది. ఎంచుకున్న ఫైళ్లన్నిటినీ ఒకే జిప్‌లో మూటగట్టే యాప్. శనివారం దాన్ని చూడటానికి ఎల్‌బీ నగర్ నుంచి ఇందిరాదేవి గారు వస్తున్నారు. ట్రావెల్స్ వాళ్లకు యాప్‌లు చేసిపెట్టే చిన్న కంపెనీ ఆవిడది. బ్యాచ్ మొత్తంలో ఒక్కరినే ఉద్యోగంలోకి తీసుకుంటారు. జోస్నాకు ఆ ఉద్యోగం కావాలి. వాళ్లమ్మ పుష్పలత అది వచ్చేసినట్టే చర్చిలో చెప్పేసి, ముందస్తుగా స్తోత్రాలు కూడా చెల్లించేసింది మరి.

శుక్రవారం జోస్నా తన అసలు ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లో దాచుకుంది. ఫోల్డర్‌లో పెట్టినదాంట్లో మాత్రం, జిప్‌లోకి ఫైళ్లు చేర్చే చోట, ఇంకో రెండు లైన్లు రాసింది. రాస్తున్నంతసేపూ తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

శనివారం అభిరామ్ ఇస్త్రీ చొక్కాతో లేచాడు. ఇందిరాదేవి గారు ఇచ్చిన రెండు బస్సు టికెట్ల ఫైళ్లనూ, ఒక ఫొటోనూ ఎంచుకుని బటన్ నొక్కాడు. 'జిప్ రెడీ' అని వచ్చింది. ఇంట్లోనూ అక్కడిదాకానే చూసుకున్నాడు. విప్పి చూడాలని అతనికి తోచలేదు.

ఆవిడకు తోచింది.

"నేనిచ్చినవి మూడు కదా బాబూ, నాలుగున్నాయేంటి?" అంటూ నాలుగోది తెరిచి పైకే చదివారు. "నమస్తే మేడం. గీ యాప్ రాసింది జోస్నా. లిస్టుల నా పేరు ఎన్కకు వస్తది, జర నన్ను కాపీ అనకుండ్రి."

క్లాసంతా గొల్లుమంది.

"యాప్ నాదేనండి, అది మాత్రం వైరస్ అనుకుంటా," అన్నాడు అభిరామ్.

ఇందిరాదేవి గారు నవ్వలేదు. "జోస్నా ఎవరు?"

"నేనే మేడం. గది నేనే పెట్టిన."

"రేపు మా కస్టమర్ టికెట్ల మధ్య నీ ఉత్తరం బయటపడితే మా పరువేం కానమ్మా?"

అంతదూరం జోస్నా ఆలోచించనే లేదు. "తప్పే మేడం. కానీ ఇంకెట్ల చెప్పాల్నో తెల్వలే. రెండుసార్లు నాదే కాపీ అన్నరు."

ఆవిడ అభిరామ్ వైపు తిరిగారు. "యాప్ నీదే అంటున్నావుగా. ఆ నాలుగో ఫైలు రాకుండా చెయ్యి."

అభిరామ్ కోడ్‌ని పైకీ కిందకీ తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఏసీ గదిలో అతనికి చెమటలు పట్టాయి. ఐదు నిమిషాలు చూసి ఆవిడ జోస్నాను పిలిచారు. జోస్నా కూర్చోను కూడా కూర్చోలేదు. నిలబడే వంగి రెండు లైన్లు చెరిపేసి, యాప్‌ని మళ్లీ నడిపింది. ఇచ్చినవి మూడు, జిప్‌లో ఉన్నవీ మూడే.

"సోమవారం తొమ్మిదింటికి వచ్చెయ్," అన్నారు ఇందిరాదేవి గారు. "ఇకమీద ఉత్తరాలు రాస్తే నాకే రాయి, కస్టమర్లకు కాదు."

విశ్వేశ్వరరావు సార్ వచ్చి, గొంతు సవరించుకుని, "నేను పొరబడ్డానమ్మా," అన్నారు. జోస్నాకు అప్పుడొచ్చాయి కన్నీళ్లు.

అందరూ మెట్లు దిగుతుంటే అభిరామ్ ఆమె పక్కకు చేరాడు. "జోస్నా గారూ, మా ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న యాప్‌లో కూడా ఆ ఉత్తరం వస్తుందండీ. ఏ లైనులో ఉందో కాస్త చెబుతారా?"

"యాప్ మీదే గదా," అంది జోస్నా, "దేవులాడుకోండ్రి."