ప్రస్తుతానికి

సర్వర్ గదిలోకి వెళ్లేముందు ఆయన ఎప్పటిలాగే స్వెటర్ తొడుక్కున్నాడు. బూడిదరంగుది, మోచేతుల దగ్గర పలచబడింది. బయట ఎండ మండిపోతున్నా యంత్రాల పుణ్యమా అని ఆ గదిలో ఏడాది పొడుగునా చలికాలమే.

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ప్రస్తుతం గారు అంటారు. ఏ పని చెప్పినా "ప్రస్తుతానికి ఇలా కానిద్దాం" అనడం ఆయన అలవాటు. ఇక్కడి కంప్యూటర్లు చూసే ఉద్యోగంలో కూడా ప్రస్తుతానికనే చేరి, జుట్టంతా తెల్లబడేదాకా ఉండిపోయాడు. ఇవాళ్టితో ఆ ఉద్యోగం అయిపోతుంది.

పొద్దున సర్వర్‌ని ఆపి మళ్లీ వేశారు. అన్నీ లేచాయి, రక్తపరీక్షల రిపోర్టులు వార్డులకి పంపే సర్వీసు తప్ప. దాని సరంజామా అంతా సర్వర్ లోపల ఒకే కంటైనర్‌లో, విడిగా మూటగట్టిన ప్రోగ్రాముగా, సర్ది ఉంటుంది. ఆయన దాన్ని డబ్బా అంటాడు. డబ్బా మొరాయించడంతో ల్యాబువాళ్లు ఫోన్లో అంకెలు చదువుతున్నారు. "మూడా, ఏడా? మళ్లీ చెప్పండి" అని వరండాలో ఓ నర్సు అరుస్తోంది. ఒక్క అంకె తప్పు వినబడితే ఎవరి ప్రాణం మీదికొస్తుందో తెలియదు.

ఆయన పాస్‌వర్డ్ కొట్టాడు. తీసుకోలేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొట్టాడు.

"నేనూ దీనికి లోకువైపోయానమ్మా" అన్నాడు, రేపట్నుంచి తన కుర్చీలో కూర్చోబోయే అమ్మాయితో.

ఆ అమ్మాయి తన పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, ఏం జరిగిందో సర్వర్ రాసుకునే లాగ్ చదివింది.

"దీన్ని నడిపే యూజర్‌కి అనుమతి లేదంటోంది సార్. ఆ యూజర్ మీరే."

ఆయనకి అర్థమైపోయింది. ఆఫీసువాళ్లు పొద్దున్నే ఆయన అకౌంటు మూసేశారు. ఏ పనీ వేళకి చెయ్యనివాళ్లు ఇదొక్కటి వేళకి చేశారు. డబ్బా పెట్టిన కొత్తలో, ప్రస్తుతానికి ఉండనీలే అని ఆయనే దాన్ని తన పేరు మీద నడిపించాడు. తర్వాత మార్చడానికి తీరికే దొరకలేదు.

"మీ అకౌంటు తెరిపిస్తాను సార్. వెంటనే లేచి కూర్చుంటుంది."

ఆ మాట ఆయనకి చాలా తియ్యగా వినబడింది. తన పేరు లేకపోతే నడవని వస్తువు లోకంలో ఒకటుంది. రేపు మళ్లీ పిలుస్తారు, రావచ్చు. అంత ఆశ పడ్డందుకు ఆయనకే సిగ్గేసింది.

"వద్దమ్మా. ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ మూస్తారు, మళ్లీ పడుకుంటుంది. ఏ మనిషి పేరూ లేని అకౌంటు ఒకటి తెరువు. డబ్బాని దానికి అప్పజెబుదాం."

ఆయన వెనక నిలబడి చెబుతుంటే ఆ అమ్మాయి టైపు చేసింది. లేవలేదు.

"ఫోల్డర్‌లో రాయలేకపోతోంది సార్."

"అదీ నా పేరు మీదే ఉంటుంది. మార్చెయ్."

తెరమీద ఒక్కో వరుసలో ఆయన పేరు పోయి వేరే పేరు వచ్చింది. ఆయన చివరి వరుస దాకా చూశాడు. ఈసారి డబ్బా లేచి నిలబడింది. వరండాలో నర్సు ఫోన్ పెట్టేసింది, ప్రింటర్ మొదలైంది. ఎవరూ ఏమీ అనలేదు, అన్నీ సవ్యంగా నడుస్తుంటే ఎవరంటారు గనక.

సాయంత్రం టీ ఇచ్చారు, నాలుగు మంచిమాటలు చెప్పారు. భార్య ఫోన్ చేసి బయల్దేరారా అంది. ఆయన సంచీ భుజాన వేసుకుని గేటు దాకా వచ్చాక ఆ అమ్మాయి వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"సార్, స్వెటర్ కుర్చీ మీదే మర్చిపోయారు."

"ఉండనీ అమ్మా. లోపల చలి."

ఆయన "ప్రస్తుతానికి" అనలేదని ఆ అమ్మాయికి తిరిగొచ్చి గదిలో అడుగుపెట్టాక గాని తట్టలేదు. కుర్చీ వీపున వేలాడుతున్న స్వెటర్ చేతులు మోచేతుల దగ్గర ఇంకా ఆయన వంపుతోనే ఉన్నాయి.