రెండో ఇంజన్ దగ్గర కూర్చున్నవాడు

అప్పాజీ వాళ్ళ పెరట్లో, ఒకప్పుడు ధాన్యం నిలవ చేసిన రేకుల షెడ్డులో, తాతగారి లారీ ఏళ్ళ తరబడి కోళ్ళకి ఇల్లై ఉండేది. ముందుకి పొడుచుకొచ్చిన బోనెట్, గుండ్రటి మడ్‌గార్డులు, కళ్ళద్దాల్లాంటి హెడ్‌లైట్లు, చెక్క బాడీ. అలాంటి బండి ఇప్పుడు మండపేట మొత్తం మీద ఇంకోటి లేదు. వైజాగ్‌లో ఇంజనీరింగ్ పూర్తి చేసి ఇంటికొచ్చిన అప్పాజీ దాన్ని చూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బాగుచేయడం ఎవరైనా చేస్తారు, మనం ఇందులో రెండు ఇంజన్లు పెడదాం అన్నాడు. అనడమైతే అప్పాజీయే అన్నాడు. రెండోది ఎక్కడ కూర్చోవాలో, ఛాసిస్ ఎక్కడ కోసి ఎక్కడ అతకాలో సుద్దముక్కతో నేలమీద గీసింది మాత్రం ఆరోన్.

ఆరోన్, అప్పాజీ పదో తరగతి దాకా ఒకే బెంచీ. ఆరోన్ ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతున్నాడు. సాయంత్రం క్లాసులవగానే బైకేసుకుని షెడ్డుకొచ్చేసేవాడు, ఆదివారాలు చర్చి అయ్యాక వచ్చేవాడు. రెండో ఇంజన్ కొవ్వూరులో పాత ఇనుము కొట్లో దొరికిందని తెలిసినప్పుడు ఇద్దరూ కలిసే వెళ్ళారు, దాన్ని వ్యాన్‌లో వేసుకుని గోదావరి బ్రిడ్జి దాటుతూ ఇద్దరూ వెనకే కూర్చున్నారు, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు చెరో వైపూ పట్టుకుని.

"ఒరేయ్ అప్పాజీ, మీ వైజాగ్ కాలేజీలో స్పానర్ ఎటు తిప్పాలో చెప్పలేదేంట్రా?"

"చెప్పేరు. ఆ రోజు నేను బీచ్‌కెళ్ళాను."

"తెలుస్తూనే ఉంది. జరుగు, నట్టు తలకాయ్ అరగదీసేస్తున్నావు."

షెడ్డులో మాటలన్నీ ఇలాగే ఉండేవి. ఒక్క విషయం మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆరోన్ వాళ్ళ నాన్న జ్ఞానప్రకాశం గారు ఇదే లారీకి, అప్పాజీ తాతగారి దగ్గర, వయసంతా క్లీనరుగా పనిచేశారు. బండి కడగడం, లోడు మీద తాళ్ళు బిగించడం, ఆపినప్పుడు చక్రం కింద చెక్క పెట్టడం, కదిలేటప్పుడు తీయడం, వెనక నిలబడి రైట్ రైట్ అనడం. అది ఇద్దరికీ తెలుసు. మాట్లాడుకోవాల్సినంత విషయమని అప్పాజీకి ఎన్నడూ తోచలేదు. ఆరోన్‌కి తోచిందో లేదో అప్పాజీ ఆలోచించలేదు.

ముందు ఇంజన్ ముందు చక్రాలని తిప్పుతుంది, వెనక ఇంజన్ వెనక చక్రాలని. రెండూ ఒకే ఊపులో లాగాలి, లేకపోతే బండి తనతో తానే కుస్తీ పడుతుంది. ఒకే కేబుల్‌తో రెండింటికీ ఆక్సిలరేటర్ కలిపి చూశారు, కుదరలేదు. చివరికి క్యాబిన్ వెనక, రెండో ఇంజన్ పక్కన, ఆరోన్ తనకో సీటు బిగించుకున్నాడు. దానికో క్లచ్చి, గేరు, ఆక్సిలరేటర్. ముందు ఇంజన్ మోత విని, దానికి తగ్గట్టు వెనక దాన్ని తొక్కుతాడు. మధ్యలో అద్దం తీసేసిన కిటికీలోంచి అరుచుకుంటూ నడపాలి. ఆరోన్ లేకుండా అది రెండు ఇంజన్ల బండి కాదు, ఒక ఇంజన్ మీద ఇంకో ఇంజన్‌ని మోస్తున్న బండి.

మొదటిసారి బయటికి తీసే రోజుకి చినబాబు మావయ్య రాజమండ్రి నుంచి పాత బళ్ళు పోగేసే పెద్దమనుషుల్ని పిలుచుకొచ్చాడు. మావయ్యకి రెండు రైస్ మిల్లులు, మాట్లాడితే నలుగురు వింటారు. పెరట్లో షామియానా వేశారు, వంటవాళ్ళొచ్చారు, లారీకి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. చేతిబ్రేకు ఇంకా సరిగ్గా పట్టడం లేదు కాబట్టి వెనక చక్రం కింద చెక్క కూడా. జ్ఞానప్రకాశం గారు ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకొచ్చారు. నానమ్మ పాపాయమ్మ గారు ఆయన్ని షామియానా కింద, రాజమండ్రి వాళ్ళ పక్కనే కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. కుర్చీ చివర్లో కూర్చున్నాడాయన, లేవమంటే వెంటనే లేవడానికి వీలుగా.

రెండు ఇంజన్లూ స్టార్టయ్యాయి. షెడ్డు రేకులు అదిరిపోయాయి. చుట్టూ ఫోన్లు లేచాయి. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న అప్పాజీకి కాళ్ళు నేలమీద ఉన్నట్టు లేదు. రాజమండ్రి పెద్దాయనొకడు బోనెట్ మీద చెయ్యేసి, "మీరొక్కరే చేశారా ఇదంతా?" అన్నాడు. అప్పాజీ నవ్వాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

అప్పుడడిగాడు చినబాబు మావయ్య. "ఆ వెనకెవర్రా, ఆ కుర్రాడు?"

నా పార్టనర్, సగం బండి వాడిదే, అని చెప్పడానికి నోరు తెరిచాడు అప్పాజీ. నిజంగానే తెరిచాడు. కానీ ఆ ఫోన్లన్నీ తన మొహం మీదున్నాయి, ఆ పెద్దాయన చెయ్యి ఇంకా బోనెట్ మీదుంది, సగం అనగానే అవన్నీ వెనక్కి తిరుగుతాయి. ఆ ఒక్క నిమిషం మొత్తం తనకే కావాలనిపించింది. నోట్లోంచి వేరే మాటొచ్చింది, సరదాగా, నవ్వుతూ.

"మా క్లీనర్ లెండి మావయ్యా."

అందరూ నవ్వారు.

"ఎవరూ, మన ప్రకాశం కొడుకా? ఇంకేం, నాన్న సీటు ఖాళీ అవకుండా చూసుకున్నాడన్నమాట." మావయ్య ఆ నవ్వుల మీద ఇంకొంచెం గొంతు పెంచాడు. "ఏవోయ్ కిలీనరూ, చెక్క తియ్యవేంటి? ముహూర్తం దాటిపోద్ది."

ఆ పిలుపు ఆరోన్‌కి. లేచింది మాత్రం జ్ఞానప్రకాశం గారు.

"ఆయ్, వస్తున్నానండి," అంటూ కుర్చీలోంచి లేచాడు. మోకాళ్ళు సహకరించక ఒకసారి కుర్చీ పట్టుకున్నాడు, మళ్ళీ బయల్దేరాడు, తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. లారీ చెక్క బాడీ మీద ఒక చెయ్యి ఆనించుకుని వెనక దాకా నడిచాడు. వంగలేక వంగి, చక్రం కింద చెక్క లాగాడు. అది చంకలో పెట్టుకుని అరచేత్తో బాడీని రెండుసార్లు చరిచాడు.

"రైట్ రైట్. పోనియ్యండి."

అప్పటికిగానీ తానేం చేశాడో ఆయనకి తెలియలేదు. చొక్కా ముందంతా గ్రీజు. నవ్వుతున్నవాళ్ళలో కొందరు సగంలో ఆపేశారు. నానమ్మ పప్పు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పాజీ అద్దంలో చూశాడు. అద్దంలో ఆరోన్ వాళ్ళ నాన్నని చూస్తున్నాడు. ఇప్పుడు దిగాలి, దిగి ఆయన చేతిలోంచి ఆ చెక్క తీసుకోవాలి, అది అప్పాజీకి స్పష్టంగా తెలుసు. క్లచ్చి మీద కాలు పెట్టుకుని, ఆ తెలిసిన దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆరోన్ ఒరేయ్ అని తిడతాడేమో, వెనక నుంచి స్పానరేదైనా విసురుతాడేమో అని చూశాడు. విసిరితే బాగుండనుకున్నాడు.

కిటికీలోంచి ఆరోన్ గొంతు వచ్చింది.

"ఫస్ట్ వెయ్యండి."

వెయ్యండి. అప్పాజీ చెయ్యి గేరు మీద ఆగిపోయింది. పదో తరగతి బెంచీ దగ్గర్నుంచి ఇవాళ పొద్దున్న దాకా వాడి నోటెంట తనకి అండి అన్న మాట వచ్చి ఎరగదు.

బండి కదిలింది. ఇంత బాగా అది ఎప్పుడూ కదల్లేదు. షెడ్డులో ఊగిసలాడే బండి, ఒక ఇంజన్ ముందూ ఒకటి వెనకా పీక్కునే బండి, గేటు దాటి రోడ్డెక్కి కాలవగట్టు వైపు నూనె పోసినట్టు వెళ్ళింది. జనం వెనక బైకుల మీద వస్తున్నారు. మామూలుగా అయితే ఆరోన్ ఈపాటికి, "తగ్గించరా బాబూ, నా చెవులు పోతున్నాయ్," అని అరుస్తుండేవాడు.

"సెకండ్ వేస్తున్నాను," అన్నాడు అప్పాజీ.

"ఆయ్, అలాగేనండి."

అది వాళ్ళ నాన్న గొంతు. అదే సాగదీత, అదే తగ్గింపు. తాతగారు ఈ సీట్లో కూర్చుని వెనక నుంచి ఈ మాటే విని ఉంటారు జీవితమంతా. గట్టు ఎత్తు దగ్గర బండి ఆగిపోతే బాగుండు, ఏదైనా విరిగితే బాగుండు, ఇద్దరూ దిగి ఒకర్నొకరు తిట్టుకుంటూ కిందకి దూరాల్సి వస్తే బాగుండని అప్పాజీ మనసారా కోరుకున్నాడు. రెండు ఇంజన్లూ ఒకే గొంతుతో పాడుతూ గట్టెక్కేశాయి. వెనక వాళ్ళు ఈలలు వేశారు.

తిరిగొచ్చాక షామియానా కింద చప్పట్లు. రాజమండ్రి పెద్దాయన అప్పాజీ భుజం తట్టి, వచ్చే నెల తమ పాత బళ్ళ ఊరేగింపుకి ఈ బండి రావాల్సిందే అన్నాడు. "మీ క్లీనర్ని కూడా తెచ్చుకోండి. మీ ఇద్దరికీ మంచి టైమింగుంది."

"క్లీనర్ కాదండి," అని గొణిగాడు అప్పాజీ. ఆ మాట గొంతు దాటి పెదాల దాకా వచ్చింది, అంతకంటే ముందుకి పోలేదు. పెద్దాయనకి అప్పటికే ఫోనొచ్చింది.

ఆరోన్ లారీ పక్కనే గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. "ఏదో అన్నట్టున్నారు. ఇంజన్ సౌండులో వినపడలేదండి."

రెండు ఇంజన్లూ ఆగిపోయి చాలాసేపైంది. వెనకది ఆపింది ఆరోనే.

భోజనాలకి కూర్చున్నారు. అప్పాజీని మావయ్య తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. విస్తట్లో పనసపొట్టు కూర, పులిహోర. ముద్ద కలిపాడు గానీ నోటి దాకా వెళ్ళలేదు. తడబడుతూ లేచి నిలబడ్డాడు, ఎంగిలి చేత్తోనే.

"మావయ్యా, ఆరోన్ మా క్లీనర్ కాదు. బండిలో సగం కంటే ఎక్కువ వాడు కట్టిందే. నేను అబద్ధం చెప్పాను."

"సరదాకన్నావులేరా. కూర్చో, నెయ్యేయించుకో."

"సరదాకి కాదు మావయ్యా. బండంతా నాదే అనుకోవాలని అన్నాను. వాళ్ళ నాన్న ముందు అన్నాను."

ఈసారి గొంతు అవసరమైన దానికంటే ఎక్కువే వచ్చింది, వంటవాళ్ళు కూడా తిరిగి చూశారు. రాజమండ్రి వాళ్ళు విస్తళ్ళలోకి చూసుకున్నారు. మావయ్య అప్పడం విరిచాడు. నానమ్మ ఒక్కతే, వడ్డిస్తూ వడ్డిస్తూ, ఎవరితోనో కానట్టు అంది.

"ప్రకాశం మన చేతి తిండి తిన్నదంతా ఆ లారీ కిందే. ఇవాళే కుర్చీ వేయించాను. అదీ నిలవలేదు."

అప్పాజీ చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళాడు. షెడ్డు గుమ్మం దగ్గర ఆరోన్ బైకు తాళం తీస్తున్నాడు.

"విన్నావా?"

"విన్నాను. ఇందాకే వినాల్సింది. పోయి నాన్నకి చెప్పు, నాకెందుకు."

జ్ఞానప్రకాశం గారు గేటు దగ్గర నిలబడి, చొక్కా మీది గ్రీజు మరకని ఇంకో చేత్తో కప్పుకుని ఉన్నారు. అప్పాజీ నోరు తెరిచేలోపే ఆయనే మొదలుపెట్టారు.

"పెద్దాళ్ళ ముందు మీకు తలవంపులు తెచ్చేసేను బాబూ. ఆ పిలుపు వినపడితే కాళ్ళు వాటంతటవే లేస్తాయండి. బండి మటుకు బ్రెమ్మాండంగా లాగిందండి."

క్షమించమని అడగాల్సింది తను. అడగడానికి వచ్చిన మాటకి ఆయన ముందే అడ్డం పడిపోయాడు. ఏం చేయాలో తెలియక అప్పాజీ తనకి తెలిసిన పనే చేశాడు, ఏదో ఒకటి బిగించి సరిచేయడం.

"మీరు నడపండి ప్రకాశం గారూ. ఇప్పుడే. మీరు స్టీరింగ్ దగ్గర కూర్చోండి, వెనక ఇంజన్ ఆరోన్ చూసుకుంటాడు, నేను రైట్ చెప్తాను. రండి, అందరి ముందే."

ముసలాయన నవ్వారు, పిల్లాడేదో ముచ్చటపడితే నవ్వినట్టు.

"నాకు స్టీరింగ్ రాదండి బాబూ. నేర్పుతానన్నారు తాతగారు. తర్వాత, తర్వాత అనేవారు. నేర్పలేదండి."

ఆయన మాటలో నిందేమీ లేదు. అందుకే అప్పాజీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. రండి, నేను నేర్పుతాను అనబోయాడు, ఆ మాట ఎంత సిగ్గులేనిదో నోట్లోకి వచ్చాక తెలిసి మింగేశాడు. చేతికి పులిహోర మెతుకులు ఎండి అంటుకున్నాయి.

"అప్పాజీ, ఇంక వదిలెయ్యి," అన్నాడు ఆరోన్ వెనక నుంచి. ఒరేయ్ లేదు, అండీ లేదు. వాళ్ళ నాన్న బైకెక్కడానికి చెయ్యి అందించాడు, మోకాలు ఇబ్బంది పడకుండా నెమ్మదిగా ఎక్కించుకున్నాడు.

"రేపొస్తావా?" అన్నాడు అప్పాజీ.

"తెలీదు."

బైకు రోడ్డెక్కింది. షామియానా కింద నుంచి మావయ్య పిలుస్తున్నాడు, ఫోటో తీయించుకుంటారట, బండి ముందు నిలబడమని. అప్పాజీ గేటు పట్టుకుని, తెలీదు అన్న ఆ ఒక్క మాటనీ లోపల్లోపల తిప్పుకుంటూ, మోతని బట్టి ఇంజన్ సంగతి కనిపెట్టినట్టు ఆ గొంతులో ఏముందో కనిపెట్టాలని చూశాడు. కోపమో, అలసటో, ఇంకేదో. ఎంత విన్నా అంతుపట్టలేదు. వెనక్కి తిరిగి ఫోటోకి వెళ్ళడానికి మాత్రం కాళ్ళు రాలేదు.