వాటాకు వచ్చిన కాలు

నేను ఒక పోత ఇనుప గుండిగను. కాళ్ళు మూడు, చెవులు రెండు, పొట్ట ఒకటే. కానీ ఊరంతటికీ సూపు అందులోనే కాగేది. ఒహాయో నది ఒడ్డున కరిగి, ఇసుక అచ్చులో చల్లారి, పడవెక్కి, ఎడ్లబండెక్కి పడమరకు వచ్చాను. ఆ రోజుల్లో అమెరికాలో పడమటి దిక్కున ఖాళీ నేల కనబడితే చాలు, ఎవరో ఒకరు అక్కడ స్వర్గం కట్టడానికి బయల్దేరేవారు. ఆ నేల ఖాళీ అని వాళ్ళే అనుకున్నారు. అంతకుముందు అక్కడ బతికినవాళ్ళను ఎవరూ అడగలేదు.

మా స్వర్గం పేరు గుడ్‌విల్ గ్రోవ్. ఇల్లినాయ్ గడ్డి మైదానంలో, బళ్ళు పడమటికి పోయే బాట పక్కన ఉండేది. దాన్ని స్థాపించినవాడు ఓబడయా ప్రాట్ అనే మాజీ బడిపంతులు. మనిషి మంచివాడు, మాట కాస్త పొడుగు. అక్కడ భూమి, పశువులు, పారలు, నేను, అన్నీ అందరివీ. అందరూ సోదరా, సోదరీ అని పిలుచుకునేవారు. ఒకే పని ఒకరి చేతిలో ఉండిపోతే పెత్తనం పుడుతుందని ప్రాట్ భయం. అందుకని వారం వారం పనులు చేతులు మారేవి.

దాంతో నా పాట్లు చూడాలి. ఒక వారం గడియారాలు బాగుచేసే ఆయన నాలో బఠాణీలు వేసి, నీళ్ళు పోయడం మరిచాడు. ఇంకో వారం ప్రాటే గరిటె పట్టి, సమానత్వం గురించి మాట్లాడుతూ అడుగంతా మాడ్చాడు. అది తిన్నవాళ్ళు కూడా సమానంగానే బాధపడ్డారు. లవీనియా టటిల్ వంతు వస్తే మాత్రం పొలంలోవాళ్ళు గంట కొట్టకముందే వచ్చి కూర్చునేవారు. ఆమె భర్త పోయిన మనిషి. తన ఇల్లూ పొలమూ ఉమ్మడికి రాసిచ్చి వచ్చింది. ఆమె తోమితే నాకు నేనే కొత్తగా కనబడేదాన్ని.

"వంట ఆమెకే వదిలేద్దాం సోదరా," అన్నారు అందరూ.

"ఇవాళ శాశ్వత వంటమనిషి అంటారు. రేపు శాశ్వత రాణి అంటారు," అన్నాడు ప్రాట్. అక్కడ ఒక్కరు కాదన్నా ఏ మాటా చెల్లదు. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మీలో సామెత ఉందట. మా గొర్రె మూడో ఏడు చచ్చింది. విత్తడం తెలిసినవాడికి విత్తే వారంలో చెప్పులు కుట్టే వంతు వచ్చింది. విత్తిన ప్రాట్ పంతులేమో మొక్కజొన్న గింజలను మూరెడు లోతున పాతాడు. ఆ చలికాలం తినడానికి లేక, ఊరు విడిపోదామని తేల్చుకున్నారు. అన్నీ సమానంగా పంచుకున్నారు. చివరికి మిగిలింది నేను.

"నాకు వెళ్ళడానికి చోటు లేదు. ఈ గుండిగ ఒక్కటి ఇవ్వండి. బాటన పోయేవాళ్ళకు వండి పెట్టుకుని బతుకుతాను," అంది లవీనియా.

"మొత్తం ఒక్కరికే ఇస్తే ఇన్నాళ్ళు మనం చెప్పిందంతా అబద్ధమైపోతుంది సోదరీ," అన్నాడు ప్రాట్. ఆ మాట అనడానికి అతనికీ బాధగానే ఉంది. "పగలగొట్టి పంచుకుందాం."

సూత్రం చెప్పినవాడే సుత్తి ఎత్తాడు. నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం పోయినంత పనైంది. మొదటి దెబ్బకు నా కాలు ఒకటి ఊడింది. లవీనియా ఏడవలేదు. దాన్ని తీసి, గౌను అంచుతో తుడిచి, ప్రాట్ చేతిలో పెట్టింది.

"ఇది మీ వాటా. మిగతావాళ్ళను అడుగుతాను."

గడియారాల ఆయన ముందు తల ఊపాడు. "నా వాటా నీ దగ్గరే ఉండనీ. ఇటుగా వస్తే తింటాను." ఒకరి తరువాత ఒకరు అదే మాట అన్నారు. ఆ ఊళ్ళో అందరూ ఇంత తొందరగా ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు. ప్రాట్ మాత్రం కాలు సంచిలో వేసుకుని తూర్పుకు నడిచాడు.

విరిగిన కాలి చోట లవీనియా ఒక రాయి పెట్టింది. బండ్లవాళ్ళు ఆగి తినిపోయేవారు, మళ్ళీ వెతుక్కుంటూ వచ్చేవారు. నా జన్మలో అంత సుఖపడిన రోజులు లేవు.

ఒక వానాకాలం ప్రాట్ తిరిగొచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి. గుమ్మంలో నిలబడి, సంచిలోంచి కాలు తీసి చూపించాడు.

"నా వాటా తెచ్చాను."

లవీనియా ముందు గిన్నెనిండా సూపు పోసింది. అతను తినడం అయ్యేదాకా ఆగింది. తరువాత ఆ రాయి తీసి, ఆ కాలిని నా కింద ఆనించి పెట్టింది. నేను కదలకుండా నిలబడ్డాను.

"ఈ వారం గిన్నెలు తోమడం మీ వంతు," అంది.

"వచ్చే వారం?"

"వచ్చే వారమూ మీదే."

ప్రాట్ చొక్కా చేతులు పైకి మడిచి నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

ఇప్పుడు నన్ను ఒక మ్యూజియంలో చుట్టూ తాడు కట్టి నిలబెట్టారు. కాలు విడిగా ఉందని చూసినవాళ్ళు అయ్యో అంటారు. మీరు వస్తే జాలిపడకండి, వంగి నా అడుగు చూడండి. ఎంత నున్నగా ఉందో తెలుస్తుంది. బతికినన్నాళ్ళూ దాన్ని తోమింది ప్రాటే.